రెండో సీసా

ఫిబ్రవరి 6

ప్రియమైన నట్టూ,

నవ్వనని మాటిస్తేనే ఈ ఉత్తరం ముందుకు చదువు. ఇరవై ఏళ్లు హోటల్ లాండ్రీలో దుప్పట్లతో కుస్తీ పట్టిన నీ అక్క, ఇప్పుడు రెండు వందల నలభై ఎలుకల సంసారం నెత్తిన వేసుకుంది. ఒక పరిశోధన సంస్థలో జంతువుల గది చూసుకునే ఉద్యోగం. చేరి పన్నెండు రోజులైంది.

ఇవి వంటింట్లో డబ్బాలు కొరికే రకం కాదులే. బొటనవేలంత ఉంటాయి, పల్చటి చెవులు, ఎప్పుడు చూసినా ఏదో కొంప మునిగిపోతున్నట్టు హడావిడి. రెండు వంశాలున్నాయి. నల్లవి ఒకటి, గోధుమరంగువి ఒకటి. ప్రతి బోనుకీ రెండు సీసాలు తలకిందులుగా వేలాడుతుంటాయి. ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో మందు కలిపిన నీళ్లు. అవునురా, నువ్వనుకుంటున్న మందే. ఏది తాగాలో ఎలుక ఇష్టం. నల్లవి తిన్నగా మందు సీసా దగ్గరికి పోతాయి. గోధుమరంగువి ఒక్కసారి నాకి, మొహం చిట్లించుకుని, మళ్లీ అటు చూడవు. అందుకే మేం వాటికి మందు వంశం, నీళ్ల వంశం అని పేర్లు పెట్టుకున్నాం. అసలు పేర్లు అన్నీ అంకెలూ అక్షరాలూ, నాకు నోరు తిరగవు.

రోజూ రెండు సీసాలూ తూచి ఎంత తగ్గిందో పుస్తకంలో రాసి మా ప్రొఫెసరమ్మకి చూపించాలి. తర్వాత కుడివైపు సీసా ఎడమకి, ఎడమవైపుది కుడికి మార్చాలి. మార్చకపోతే ఎలుక మందు కోసం వెళ్లిందో, అలవాటైన మూలకి వెళ్లిందో తెలియదట. ఇలాంటి తెలివి నాన్న తాగే రోజుల్లో మనకి లేకపోయింది.

గదిలో పగలంతా ఎర్ర బల్బు ఒకటే. ఎలుకలు చీకట్లో మేలుకుంటాయి కాబట్టి వాటికి పగటిని రాత్రి చేశారు. ఫోన్లు లోపలికి తేకూడదు. నాకు అదే బాగుంది. మానిపించే కేంద్రంలో నీ ఫోను లాక్కుని వారానికొక ఉత్తరం రాయమన్నారు చూడు, ఆ పుణ్యాన పట్టుబడిన అలవాటు మానకు. ఈ పదో తారీకుకి నువ్వు తాగడం మానేసి పద్నాలుగు నెలలు. లెక్క నేను మర్చిపోను.

వేళకి తిను.

ఎలుకలమ్మగా మారిన నీ
అక్క

*

ఫిబ్రవరి 15

ప్రియమైన అక్కకి,

నవ్వాను. మాటివ్వలేదు కదా. ఇంటికి తాగొచ్చినవాళ్లని గుమ్మం దగ్గరే ఆపి చీపురు చూపించిన మా పెద్దపులి, ఇప్పుడు తాగుబోతు ఎలుకలకి సీసాలు అందిస్తోందంటే నవ్వక ఏం చేయను! ఇంతకీ ఆ మందు సీసాలు నువ్వే నింపుతావా? ఆ వాసనకి కళ్లు తిరిగి పడిపోకు. నీకు తెలిసిన వాసన ఒక్కటే, పిప్పరమెంటు. హాస్టల్ నుంచి ఆదివారం ఇంటికొస్తే నువ్వు తలుపు తీయగానే ఆ బిళ్లల వాసన గుప్పున కొట్టేది. నాకు ఇప్పటికీ ఇల్లంటే అదే.

ఇక నా సంగతి. సిగ్గుపోయే కబురు ముందు చెప్తాను. మొన్న ఆరంతస్తుల బిల్డింగులో లిఫ్టు సర్వీసు చేసి, ఆరు నెలల దాకా చూడక్కర్లేదని సంతకం పెట్టాను. మర్నాడే అందులో ఎక్కాను. మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది. లోపల నేనూ, ఐదో అంతస్తులో కళ్లద్దాల షాపు నడిపే ఆవిడా. ఆవిడ గోడమీద అంటించిన కాగితం చదివి, "ఈ సంతకం మీదేనా? చాలా అందంగా ఉందండీ" అంది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. అక్కడ భూమి కూడా లేదు, కింద మూడంతస్తుల గొయ్యి.

మా కంపెనీవాడొకడు వచ్చి దించేసరికి యాభై నిమిషాలు. ఈలోపు నేను కళ్లు చిట్లించి మీటలు చూడటం గమనించి, మర్నాడు షాపుకి రమ్మంది. ఇప్పుడు నాకు కళ్లద్దాలొచ్చాయి. నట్లన్నీ ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయో! సైకిలు నట్టు మింగి ఈ పేరు తెచ్చుకున్న రోజున ఇవి ఉండి ఉంటే మింగేవాణ్ని కాదు.

తర్వాత పదకొండుసార్లు టీ తాగాం. తాగేవాణ్ని, మానేశాను అని రెండో టీలోనే చెప్పాను. "సరే" అంది. నాన్న సంగతి మాత్రం చెప్పలేదు. నాన్న తాగి తాగి కాలేయం చెడి పోయాడని, ఆయన నాన్న కూడా అలాగే పోయాడని.

మీ ప్రొఫెసరమ్మని ఒక మాట అడుగు. అది రక్తంలోనే వస్తుందా? ఊరికే, తెలుసుకుందామని.

సంతకాలు పెట్టడానికి భయపడుతున్న నీ
నట్టు

*

మార్చి 2

ప్రియమైన నట్టూ,

పదకొండు టీలా! పన్నెండోదానికి ఆవిడకి నా నమస్కారం చెప్పు. నీ ఉత్తరం ఎర్ర బల్బు కింద చదువుకున్నాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, శుభ్రంగా తుడిచి, ఏప్రన్ జేబులో దాచి తీసుకెళ్తాను. నాకు గట్టిగా చదివితే గానీ బుర్రకెక్కదు కదా, బోనుల మధ్య స్టూలు వేసుకుని పైకే చదువుతాను. ఒక్కో ఉత్తరం పది రోజులు వస్తుంది. నువ్వు లిఫ్టులో ఇరుక్కున్న ముక్క దగ్గర ఒక నల్లది బయటికి వచ్చి, రెండు కాళ్లమీద నిలబడి విన్నది. ఎవరికీ చెప్పకు, ఉద్యోగం ఊడుతుంది.

మందు సీసాలు నేను నింపను. నాతోపాటు ఇంకో ఆయన ఉన్నాడు, వచ్చే ఏడాది రిటైరవుతాడు. తలుపు వేస్తే గది అదిరిపోతుంది, అందుకని ఆయన్ని తలుపులాయన అంటారు. ఆయన మందు సీసాలు నింపుతాడు, బదులుగా ఆయన వంతు బోనులు కూడా నేను కడుగుతాను. పని రెట్టింపు అయినా నాకు ఇదే నయం.

ఇక నువ్వడిగింది. ఇక్కడ భలే పని చేశారు. మందు వంశం పిల్లల్ని పుట్టగానే నీళ్ల వంశం తల్లి దగ్గర పడుకోబెట్టారు. ఆవిడ పాలు తాగి, ఆవిడ పక్కన పెరిగాయి. పెద్దయ్యాక రెండు సీసాలు పెడితే ఎటు పోయాయనుకున్నావు? తిన్నగా మందు దగ్గరికే! తలుపులాయన "రక్తం ఎక్కడికి పోతుందమ్మా" అని పకపకా నవ్వాడు. ఇంకోటి కూడా ఉంది. కొన్నిటిని ఒంటరిగా పెట్టి, బోనుని ఊపుతూ, వేళకాని వేళ లైటు వేస్తూ బెదరగొడతారు. అలా కంగారు పెడితే నీళ్ల వంశం పెద్దగా మారదు గానీ, మందు వంశం మాత్రం రెండింతలు తాగుతుంది. పాపం, చూడలేం.

కళ్లద్దాలావిడ ఏ రంగు ఫ్రేము పెట్టుకుంటుంది? అన్నీ రాయి.

నీ
అక్క

*

మార్చి 12

అక్కకి,

నీ ఉత్తరం అందింది. నేను అడిగినదానికి సూటిగా చెప్పావు.

కిందటి ఆదివారం ఆవిడే అడిగింది, పెళ్లి చేసుకుందామా అని. నాలుగు రోజులు గడువు అడిగాను. నీ ఉత్తరం రేపోమాపో వస్తుంది, చదివాక చెప్దామనుకున్నాను. వచ్చింది, చదివాను, ఆవిడకి కుదరదని చెప్పేశాను. కారణం చెప్పలేదు.

అమ్మ పక్కన పెరిగినా నేను నాన్న సీసా దగ్గరికే వెళ్లాను కదా. ఇప్పుడు మానేశానంటే కంగారేమీ లేదు కాబట్టి. పెళ్లి, పిల్లలు, చిక్కులు మొదలయ్యాక నా బోనుని ఎవరో ఒకరు ఊపుతారు. అప్పుడు నేనేమవుతానో మీ గదిలో తూచి రాసి పెట్టారు. మన ఇంట్లో అమ్మ పడ్డది ఇంకో ఆడమనిషికి పెట్టను.

నాతో వాదించకు. నీకు అమ్మ రక్తం వచ్చింది, నాకు నాన్నది వచ్చింది. నీకు అర్థం కాదు.

నట్టు

*

మార్చి 17

ఒరేయ్ నట్టూ,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు, ఒళ్లు మండిపోతోంది. ఎలుకల మాట విని పెళ్లి మానుకున్న మగాణ్ని లోకంలో నిన్నే చూశాను!

నేను పప్పులో కాలేశాను, ఒప్పుకుంటాను. నువ్వు ఊరికే అడుగుతున్నావనుకున్నాను. ఏవో ఎలుకల కబురు కదా అని సరదాగా రాసి పడేశాను. ఆ నాలుగు వాక్యాల మీద నువ్వు జీవితం తూచుకుంటావని తెలిస్తే చెయ్యి విరగ్గొట్టుకునేదాన్ని. పాలు మారిస్తే రక్తం మారలేదన్నాను గానీ, ఆ తల్లి పక్కన పెరిగిన వాటికి రోజూ మందు సీసా పెట్టకపోతే ఏమవుతుందో నేను చూశానా? నువ్వు అడిగావా?

నాకు అర్థం కాదన్నావు. దానికి నా దగ్గర జవాబుంది. కానీ కోపంలో రాసేది కాదు. ఇన్నాళ్లూ ఏ ఉత్తరంలోనూ పట్టలేదు.

వెంటనే వెళ్లి ఆవిడకి కారణమైనా చెప్పు. ఎందుకు కాదన్నావో చెప్పకుండా ఒక మనిషిని వదిలేయడం అమ్మ నేర్పిన పద్ధతి కాదు. ఫోను ఎత్తు.

అక్క

*

ఏప్రిల్ 26

ప్రియమైన నట్టూ,

ఆరు వారాలు. ఉలుకూ పలుకూ లేదు. ఫోను మోగుతుంది, నువ్వు ఎత్తవు. మీ కంపెనీకి చేస్తే "పనికి వస్తున్నాడమ్మా, ఎవరితోనూ మాట్లాడడు" అన్నారు. పనికి వస్తున్నాడన్న ఆ ఒక్క మాట పట్టుకుని రోజులు గడుపుతున్నాను. నాన్న కూడా చాలాకాలం పనికి వెళ్లాడు, గుర్తుందా? అందుకే భయం.

ఇక్కడ నా ఉద్యోగం కూడా వేలాడుతోంది. ఒకే గదిలో ఈ చివరొకటి, ఆ చివరొకటి రెండు వరసలున్నాయి, ఒకటి నాది, ఒకటి తలుపులాయనది. నా వరసలో నల్లవి ఈ మధ్య విపరీతంగా తాగుతున్నాయి. నేను తప్పుగా తూస్తున్నానని ప్రొఫెసరమ్మ అనుమానం. తన కళ్లముందు తూయించింది. తూకం సరిగ్గానే ఉంది. "అయితే తప్పు ఎక్కడుంది? జూన్ మొదటి వారం లోపల తేలాలి, లేకపోతే మీ వరస మొత్తం తీసేయాలి" అంది. వరస తీసేస్తే నాతో పనేముంది?

నా బుర్ర పని చేయడం లేదు. మునుపు స్టూలు వేసుకుని నీ ఉత్తరం చదివి, ఒక్కోదాన్ని దోసిట్లో ఎత్తి, మెల్లిగా కొత్త బోనులో దించేదాన్ని. ఇప్పుడు చదవడానికేముంది? నీ ఆఖరి ఉత్తరం పైకి చదవబుద్ధి కాదు. తోక పట్టుకుని ఎత్తడం, బోనులో పడేయడం, ఫోనులో నీ కబురేమైనా ఉందేమోనని బయటికి పరిగెత్తడం. ఇదీ నా వాలకం.

ఒక్క ముక్క రాయి. తాగినా పర్వాలేదు, తిట్టను, చీపురు ఎత్తను. నువ్వు నాకు కావాలి, అంతే.

నీ
అక్క

*

మే 3

ప్రియమైన అక్కకి,

తాగలేదు. ముందు ఆ మాట చదువుకుని, నీళ్లు తాగి, మిగతాది చదువు.

రాయకపోవడం తప్పు. నీకు రాయాలంటే నిజం రాయాలి, నిజమేమో నాకే తెలియదు. ఒక మధ్యాహ్నం పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మందు షాపు ఎదుట పావుగంట నిలబడ్డాను. ఎలుకలాగే ఇటొక అడుగు, అటొక అడుగు. అప్పుడే ఫోను మోగింది, ఎవరో ముసలాయన లిఫ్టులో ఇరుక్కుని ఏడుస్తున్నాడని. పరిగెత్తాను. ఆయన్ని దించాక చూసుకుంటే షాపు చాలా దూరమైపోయింది. ఆ రోజు నన్ను ఆపింది లిఫ్టు, నేను కాదు. అది నీకెలా రాయను?

ఇక అసలు కబురు. కళ్లద్దాలావిడ బిల్డింగు నుంచి మూడు రోజుల్లో మూడు ఫిర్యాదులొచ్చాయి. మొదటి రెండుసార్లు వెళ్లి చూస్తే లిఫ్టు నిక్షేపంలా ఉంది. మూడోసారి తలుపు తెరుచుకునేసరికి లోపల షాపు స్టూలు వేసుకుని ఆవిడ కూర్చుని ఉంది, వేలు గంట మీట మీద.

"లోపలికొచ్చి తలుపు మూయండి. నాకు యాభై నిమిషాలు కావాలి" అంది.

అంతా చెప్పాను. నాన్న, తాత, మీ ఎలుకలు, పాలు మార్చిన పిల్లలు. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నది. ఆకుపచ్చ ఫ్రేము, నువ్వడిగావు కదా.

"ఎలుకలు చెప్పాయని నన్ను వద్దన్నారా?"

"ఎలుకలు కాదండీ, సైన్సు."

"సరే, సైన్సే. ఒక్కటి చెప్పండి. ఆ బోనులో రెండో సీసా ఎవరు పెట్టారు? ఎలుక తెచ్చుకుందా?"

"లేదు. మా అక్కవాళ్లు పెడతారు."

"మన ఇంటికి మీ అక్క సీసా పట్టుకుని రారు కదా?"

ఇంట్లో లేకపోయినా వీధి వీధినా ఉంటుందిగా అన్నాను. ఆవిడ తుడిచిన కళ్లద్దాలు పెట్టుకుంది. "అవును. వీధులు నా చేతిలో లేవు. ఇంట్లో ఏముంటుందో, మీరు ఇంటికొచ్చేసరికి ఎవరుంటారో మాత్రం నా చేతిలో ఉంది" అంది. ఈలోపు బయట ఐదుగురు తలుపు బాదుతున్నారు. మెట్లున్నాయి వెళ్లండి అని ఆవిడే అరిచింది.

అక్కా, ఆవిడ మాట నాకు నచ్చింది. భయం మాత్రం పోలేదు. జూన్ నెలాఖరు దాకా ఆగమన్నాను, ఆగుతానంది. మీ ప్రొఫెసరమ్మని ఒక్క ప్రశ్న అడుగు. రెండు సీసాలూ ఎదురుగా ఉన్నా, మందు వంశం ఎలుక ఎప్పుడైనా దానంతట అది నీళ్ల సీసా వైపు తిరుగుతుందా? లేదంటే లేదనే రాయి. ఉందంటే చాలు.

నీ
నట్టు

*

జూన్ 5

ప్రియమైన, చాలా ప్రియమైన నట్టూ,

ఉంది. తిరుగుతుంది. కూర్చుని చదువు.

నీ ఉత్తరం అందిన రోజే స్టూలు మీద కూర్చుని నాలుగుసార్లు చదివాను, పైకే. ఆవిడ గంట మీట మీద వేలు పెట్టిన దగ్గర నవ్వాను, నువ్వు షాపు ముందు నిలబడ్డ దగ్గర ఏడ్చాను. ఆ రోజునుంచి మళ్లీ మామూలు మనిషినయ్యాను. పది రోజులకి ప్రొఫెసరమ్మ పిలిచింది. బల్లమీద పొడుగాటి కాగితం పరిచి, రెండు గీతలు చూపించింది.

"ఇది మీ వరస, ఇది ఆయన వరస. అదే వంశం ఎలుకలు, అదే మేత, అదే గది. ఫిబ్రవరి నుంచి మీ నల్లవి రోజురోజుకీ మందు తగ్గించి నీళ్లకి తిరిగాయి. ఆయనవి తిరగలేదు. మార్చి మధ్యలో మీవి ఉన్నట్టుండి మందుకి ఎగబడ్డాయి. మే మొదటి వారం నుంచి మళ్లీ తగ్గాయి. ఆ రోజుల్లో ఏం మారింది? నిజం చెప్పండి."

తారీకులు చూశాను.

"మా తమ్ముడు ఉత్తరాలు రాయడం మానేశాడండీ. మళ్లీ రాశాడు" అన్నాను.

ఆవిడ నా మొహం చూసి, పిచ్చి పట్టిందా అన్నట్టు, "కూర్చోండి" అంది. అంతా కక్కేశాను. ప్లాస్టిక్ కవరు, స్టూలు, పైకి చదవడం. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. చీవాట్లు బాగానే పడ్డాయి. ఆ తర్వాత నన్ను గదిలోకి తీసుకెళ్లి, "నేను లేననుకుని చదవండి" అని మూల నిలబడింది. చదివాను. నల్లవి ఒక్కొక్కటే గూడులోంచి బయటికొచ్చి, మొహాలు కడుక్కుంటూ కూర్చున్నాయి. అదురూ బెదురూ లేదు. తర్వాత దోసిట్లో ఎత్తాను, ఎక్కాయి.

అంతటితో నమ్మే మనిషి కాదు ఆవిడ. ఉత్తరాలే చదవాలా, ఏదైనా సరిపోతుందా చూద్దామంది. నా పెట్టెలో నీ పాత లిఫ్టు పుస్తకముంది కదా, కోర్సులో చేరినప్పటిది. అది పట్టుకెళ్లి రెండు వారాలు చదివాను. మోటారు, బ్రేకు, తాడు బిగువు. గీత అలాగే కిందికుంది! నీ ఉత్తరాల గొప్పేమీ లేదట, మరీ ఉబ్బిపోకు. తలుపులాయనకి కూడా పుస్తకం చేతికిచ్చి ఆయన వరస ముందు చదవమన్నారు. మొదటి రోజు గొణిగాడు. రెండో వారానికి తలుపు మెల్లిగా వేస్తున్నాడు, ఎలుకలు భయపడతాయట! ఆయన గీత కూడా దిగుతోంది.

ఇక నువ్వడిగిన సైన్సు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఒకసారి నోరు జారి చాలా నష్టపోయాను. నా వరసలో కూడా నల్లవి గోధుమరంగువాటికంటే ఇప్పటికీ ఎక్కువే తాగుతాయి. రక్తం అబద్ధం కాదు. "కానీ రక్తం ఒక్కటే కాదు. కంగారు పెడితే ఎంత ఎక్కువ తాగుతాయో, నెమ్మదిగా చూసుకుంటే అంత తక్కువ తాగుతాయని ఈ కాగితం అంటోంది. గొంతు వల్లో చేతుల వల్లో తేల్చడానికి ఇంకో ఏడాది కావాలి. ఎలుకలు మనుషులు కావు, అది కూడా మీ తమ్ముడికి రాయండి" అంది ప్రొఫెసరమ్మ. రాశాను. వరస తీసేయడం లేదు. నన్ను కూడా.

ఇప్పుడు నా జవాబు. మార్చిలో రాయలేకపోయినది.

నేను మందు సీసాలు ఎందుకు నింపనో నువ్వెప్పుడూ అడగలేదు. వాసన తెలియక కాదు నట్టూ, బాగా తెలిసి. అమ్మ వెనకే నాన్న కూడా పోయాక నువ్వు హాస్టల్లో చేరావు. నాకు పాతికేళ్లు. లాండ్రీ నుంచి వచ్చి ఒంటి గదిలో ఒక్కదాన్నే. ఆ గది నా బోను. దుప్పట్ల కింద హోటల్ గదుల్లో వదిలేసిన సీసాలు దొరికేవి. మొదట ఒక గుక్క, నిద్ర కోసం. తర్వాత నిద్రతో పని లేకపోయింది. రెండేళ్లు తాగాను. నువ్వు ఇల్లంటే అదే అన్నావు చూడు, ఆ పిప్పరమెంటు వాసన, అది దాచడానికే. ఆ ముక్క చదివి ఎర్ర బల్బు కింద ఎంతసేపు కూర్చుండిపోయానో.

నన్ను ఆపింది నువ్వు. ఆదివారాలు ఇంటికొచ్చి, పరీక్షల కోసం ఆ లిఫ్టు పుస్తకం గట్టిగా బట్టీ పట్టేవాడివి. నేను పక్కన బట్టలు మడుస్తూ వినేదాన్ని. మోటారు, బ్రేకు, తాడు బిగువు. నువ్వు చదువుతున్నంతసేపూ నాకు సీసా గుర్తొచ్చేది కాదు. మొదట ఆదివారాలు తాగడం మానేశాను. నువ్వు వెళ్లిపోయాక ఆ పుస్తకం కాపీ ఒకటి తీసి నేనే పైకి చదువుకునేదాన్ని, సోమవారాలు కూడా మానేశాను. అలా అలా. పదిహేనేళ్లయింది. పైకి చదవడం నాకు అలవాటని నువ్వు వెక్కిరిస్తావు, అది ఎక్కడ పట్టుబడిందో ఇదిగో చెప్పాను.

కాబట్టి అమ్మ రక్తం నాకు, నాన్న రక్తం నీకు అని పంచకు. నాలోనూ ఆయనే ఉన్నాడు. నువ్వు బడాయిగా చూపించే పెద్దపులి కూడా నల్ల ఎలుకే. నువ్వు కేంద్రంలో చేరిన రోజు ఇది చెప్పి ఉండాల్సింది. నీ ముందు చిన్నబోతానని భయపడ్డాను. ఇప్పుడు భయం లేదు, చెప్పేశాక హాయిగా ఉంది.

ఆకుపచ్చ ఫ్రేము ఆవిణ్ని ఇంకా ఆపకు. పెళ్లి రోజున ఎవరైనా గ్లాసులు తిప్పితే నీళ్ల కూజా దగ్గర నా పక్కన వచ్చి నిలబడు.

నీ
అక్క

*

జూన్ 12

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం లిఫ్టు పైన మోటారు గదిలో కూర్చుని చదివాను. ఏడ్చాను, తర్వాత నవ్వాను, కింద ఎవరో లిఫ్టు ఎందుకు కదలడం లేదని కేకలేశారు. నువ్వు నా ముందు చిన్నబోతావా? ముప్పై మూడేళ్లుగా నేను ఒక్కణ్నే అనుకున్నాను. మనం ఇద్దరమని ఇవాళ తెలిసింది. నాకు ఎంత తేలికగా ఉందో నీకు రాయలేను.

ఉత్తరం కళ్లద్దాలావిడకి ఇచ్చాను, నీ అనుమతి లేకుండా, తిట్టుకో. చదివి, మడిచి, "మీ అక్క ఎప్పుడొస్తారు?" అని ఒక్క మాటే అడిగింది. జూన్ నెలాఖరు దాకా ఆగలేదు నేను. పెళ్లికి సరేనని మరుక్షణమే చెప్పాను.

వచ్చే నెల పద్నాలుగో తారీకు పొద్దున పదిన్నరకి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి. రెండో అంతస్తు. మెట్లెక్కి రా, ఆ లిఫ్టు సర్వీసు చేసింది నేనే. తర్వాత షాపులోనే చిన్న విందు. గ్లాసులు తిప్పేవాళ్లెవరూ లేరు. అయినా నీళ్ల కూజా దగ్గర రెండు కుర్చీలు వేయించాను, ఒకటి నీకు, ఒకటి నాకు. ఆవిడ విని మూడోది కూడా వేయించింది.

ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని లోపలికి తీసుకెళ్లు, ఇప్పుడు దాచక్కర్లేదు కదా. నల్లవాటి వరస ముందు నిలబడి గట్టిగా చదువు. వాళ్లని కూడా పిలిచినట్టే.

కవర్లో పిప్పరమెంటు బిళ్లల పొట్లం పెట్టాను. ఈసారి ఊరికే, రుచి కోసం తిను.

నీ
నట్టు